పిల్లికూతలు లేని రోజున ఇన్హేలర్ ఎందుకు? పాఠకుల ప్రశ్నలకి ఛాతీ డాక్టర్ జవాబులు

వానలు మొదలయ్యాయంటే చాలు, మా ఓపీలోనూ ఈ శీర్షికకి వచ్చే ఉత్తరాల్లోనూ ఒకటే మాట, ఆయాసం. ఈసారి వచ్చినవాటిల్లో తొమ్మిది తీసుకున్నాను. కొన్నిటికి పొడుగ్గా రాశాను, ఎందుకంటే అదే ప్రశ్న వేరే వేరే ఊళ్ళ నుంచి మళ్ళీ మళ్ళీ వచ్చింది, ఒకరికి చెప్తే పదిమందికి అందుతుందని.

ప్రశ్న: మా బాబుకి 7 ఏళ్ళండి. రెండో ఏడు నుంచీ జలుబు చేస్తే చాలు రాత్రికల్లా పిల్లికూతలు, నెబ్యులైజర్ ఇంట్లోనే కొనేశాం. ఒక డాక్టరుగారు ఎలర్జిక్ బ్రాంకైటిస్ అన్నారు, ఇంకొకరు ఉట్టి వీజింగే అన్నారు, ఇప్పుడు చూస్తున్నావిడ ఆస్తమా అని చెప్పి రోజూ వాడమని ఇన్హేలర్ రాశారు. మా అత్తగారేమో అది అలవాటైతే జన్మలో వదలదు, అందులో స్టెరాయిడ్ ఉంటుంది పిల్లాడు ఎదగడు అంటున్నారు. వాడు ఇప్పుడు బాగానే ఉన్నాడు, బడికెళ్తున్నాడు. బాగున్నప్పుడు కూడా ఎందుకండీ వాడటం? (ఒక తల్లి, తెనాలి)

అమ్మా, ముందు పేరు సంగతి తేల్చుకుందాం. ఎలర్జిక్ బ్రాంకైటిస్, వీజీ బ్రాంకైటిస్, ఇస్నోఫీలియా, ఇవన్నీ చాలాసార్లు ఆస్తమా అనే మాట చెప్తే ఇంట్లోవాళ్ళు బెదిరిపోతారని మా డాక్టర్లం మెత్తగా చెప్పే పేర్లు. నేనూ ప్రాక్టీసు మొదట్లో అలాగే రాసేవాణ్ణి, ఇప్పుడు రాయను. ఎందుకంటే పేరు మారితే మందు కూడా మారిపోతుంది, బ్రాంకైటిస్ అని రాసుంటే తర్వాత చూసే డాక్టరు ప్రతిసారీ ఒక యాంటీబయాటిక్ సీసా ఇస్తాడు, అది ఈ జబ్బుకి ఏమీ చెయ్యదు, పిల్లాడికి విరోచనాలు మాత్రం పట్టుకుంటాయి.

ఇక బాగున్నప్పుడు ఎందుకు అన్నారే, అసలు విషయమంతా అక్కడే ఉంది. దోమ కుట్టిన చోట దద్దురు లేస్తుంది చూడండి, ఎర్రగా, ఉబ్బెత్తుగా. మీ వాడి ఊపిరి గొట్టాల లోపలి పొర అలా కొంచెం ఉబ్బి ఉంటుంది, రోజూ ఉంటుంది, వాడు గ్రౌండ్‌లో పరిగెత్తే రోజున కూడా ఉంటుంది. దాని మీద జలుబు వైరస్సో దుమ్మో దీపావళి పొగో పడితే గొట్టం చుట్టూ ఉన్న కండరం బిగుసుకుపోతుంది, అప్పుడు పిల్లికూత వినిపిస్తుంది. మీరు నెబ్యులైజర్‌లో పెట్టే సాల్బుటమాల్ ఆ బిగుసుకున్న కండరాన్ని వదులు చేస్తుంది, ఓ నాలుగైదు గంటలు. వాపుని అది ముట్టుకోదు. వాపు తగ్గించేది రోజూ వాడమన్న ఆ రెండో ఇన్హేలరే. కూత ఆగింది కదా అని దాన్ని ఆపేస్తే వచ్చే జలుబుకి మళ్ళీ అర్ధరాత్రి మెషీన్ ముందు కూర్చోవాల్సిందే.

స్టెరాయిడ్ భయం గురించి, అత్తగారికి కూడా చదివి వినిపించండి. మీ వాడి వయసుకి మామూలుగా రాసేది బ్యుడెసొనైడ్ రోజుకి 100 నుంచి 200 మైక్రోగ్రాములు. ఆయాసం ముదిరినప్పుడు మింగించే ప్రెడ్నిసలోన్ సిరప్ రోజుకి 20 మిల్లీగ్రాముల లెక్కన ఐదు రోజులంటే 100 మిల్లీగ్రాములు, అంటే లక్ష మైక్రోగ్రాములు. రెండూ వేరే మందులు, బలం కూడా వేరు, కాబట్టి సూటిగా పోల్చకూడదు, కానీ తూకం చూడండి, రోజుకి 200 చొప్పున లక్ష అవ్వాలంటే 500 రోజులు పీల్చాలి. పైగా మింగిన మందు రక్తంలో కలిసి ఒళ్ళంతా తిరుగుతుంది, పీల్చిన మందు ఎక్కువగా పనిచేసేది గొట్టంలోనే. ఎదుగుదల మీద అసలు ప్రభావమే లేదని నేను చెప్పను. అమెరికాలో 5 నుంచి 12 ఏళ్ళ పిల్లలకి నాలుగైదేళ్ళు బ్యుడెసొనైడ్ ఇచ్చి, పెద్దయ్యేదాకా వెంట ఉండి కొలిచారు, 2012లో ఫలితం వచ్చింది, వాడనివాళ్ళ కన్నా సగటున 1.2 సెంటీమీటర్లు తక్కువ. అంతే, చిటికెన వేలి గోరంత. రాత్రుళ్ళు నిద్ర లేకుండా, నెలకోసారి సిరప్ స్టెరాయిడ్ మింగుతూ పెరిగే పిల్లాడు పోగొట్టుకునేది దానికన్నా ఎక్కువ.

అలవాటు అనేది అసలు లేదు. మూడు నెలలు పూర్తిగా బాగుంటే మీ డాక్టరమ్మే డోసు తగ్గిస్తారు, చాలామంది పిల్లలు పెద్దయ్యేకొద్దీ ఇంకా తగ్గిపోతారు. 7 ఏళ్ళవాడు ఊదే పరీక్ష, అదే స్పైరోమెట్రీ, కాస్త నేర్పిస్తే చెయ్యగలడు, అది చేయించమని అడగండి, కాగితం మీద అంకె ఉంటే తర్వాత ఎవరూ పేరు మార్చలేరు.

ఇంకొక్క మాట, మందు కన్నా ముఖ్యమైంది. గత వారం ఒకావిడ పాపని తీసుకొచ్చింది, ఆరు నెలల నుంచి వాడుతున్నాం ఏం తగ్గలేదు అని. స్పేసర్, అంటే ఇన్హేలర్‌కి తగిలించే ప్లాస్టిక్ డబ్బా, ఇచ్చి నా ముందు చేసి చూపించమన్నాను. కదపకుండానే రెండు పఫ్‌లూ టకటకా ఒకేసారి కొట్టేసింది, మాస్కుకీ బుగ్గకీ మధ్య నా వేలు దూరేంత సందు. మందంతా గదిలోకి పోయింది, పాప లోపలికి కాదు. డబ్బా బాగా కదిపి, మాస్కు ముక్కూ నోరూ మూసుకునేలా గట్టిగా ఆనించి, ఒక్క పఫ్ కొట్టి ఐదారు శ్వాసలు మామూలుగా పీల్చనివ్వాలి, తర్వాత మళ్ళీ కదిపి రెండోది. మీవాడు 7 ఏళ్ళవాడు కాబట్టి మాస్కు తీసేసి నోట్లో పెట్టుకునే గొట్టంతోనే చెయ్యొచ్చు. అయ్యాక నోరు పుక్కిలించి ఉమ్మాలి. స్పేసర్ నెలకోసారి సబ్బునీళ్ళలో ముంచి ఆరబెట్టండి, గుడ్డతో మాత్రం తుడవద్దు, తుడిస్తే ప్లాస్టిక్‌కి కరెంటు పట్టినట్టై మందు గోడలకే అంటుకుపోతుంది.

ప్రశ్న: మిర్చి యార్డులో 14 ఏళ్ళుగా హమాలీ పని చేస్తున్నానండి. రెండేళ్ళ నుంచి సీజన్‌లో సాయంత్రానికి గుండెల మీద రాయి పెట్టినట్టు ఉంటది, రాత్రి దగ్గు. సెలవుల్లో బాగుంటా. ఎక్స్‌రే, ఈసీజీ, ఊదే పరీక్ష అన్నీ నార్మల్ అన్నారు, గ్యాస్ మాత్రలిచ్చారు. (గుంటూరు)

ఊదే పరీక్ష ఏ రోజున చేశారో రాయలేదు మీరు. నా అంచనా సెలవు రోజున, పొద్దున పూట, పని మానుకుని వెళ్ళుంటారు. ఆస్తమాకి అదే కదా అసలు లక్షణం, ఒక పూట ఉంటది ఇంకో పూట ఉండదు. స్పైరోమెట్రీ ఆ క్షణానికి తీసిన ఫోటో లాంటిది, ఫోటోలో నవ్వాడు కదా అని మనిషికి ఏ బాధా లేదనలేం. ఎక్స్‌రే కూడా ఆస్తమాలో చాలామందికి శుభ్రంగానే ఉంటుంది, అది టీబీ, నిమ్ము లాంటివి లేవని చూసుకోవడానికే. ముందు గుండె చూపించుకున్నారు, అది మాత్రం మంచి పని చేశారు.

మీకు కావాల్సింది పీక్ ఫ్లో మీటర్, ఊదిన గాలి వేగం కొలిచేది. ప్లాస్టిక్ గొట్టం, పైన ముల్లు జరుగుతుంది, కొన్ని వందల రూపాయల్లో మెడికల్ షాపులో దొరుకుతుంది. నిలబడి గుండె నిండా గాలి పీల్చి, పెదాలు బిగించి, ఒక్క ఊపున ఫట్‌మని ఊదాలి, మూడుసార్లు ఊది ఎక్కువ వచ్చింది రాసుకోవాలి. లేవగానే, యార్డుకి వెళ్ళేముందు, మధ్యాహ్నం పనిలో, సాయంత్రం, పడుకోబోయేముందు. ఒక నోటుబుక్కులో తేదీ, టైమ్, ఆ రోజు ఏం పని చేశారో కూడా, కాటా దగ్గరా, టిక్కీలు మోశారా, తాలుకాయల దగ్గర ఉన్నారా. మూడు వారాలు రాయండి, మధ్యలో సెలవులు తప్పకుండా పడాలి. సెలవు రోజున 480 ఊది, పని రోజు సాయంత్రం 350కి పడిపోతుంటే ఇంక గ్యాస్ అని ఎవరూ అనలేరు. పెద్దవాళ్ళలో రోజులో ఎక్కువకీ తక్కువకీ తేడా సగటున 10 శాతం దాటితేనే మేం ఆస్తమా వైపు చూస్తాం, ఇది 30 శాతం పైనే అవుతుంది. ఆ పుస్తకం పట్టుకుని ఛాతీ డాక్టర్ దగ్గరికి వెళ్ళండి, పని రోజు సాయంత్రం వెళ్ళి మళ్ళీ స్పైరోమెట్రీ ఊదండి. మామూలుగా ఒకసారి ఊదించి, సాల్బుటమాల్ నాలుగు పఫ్‌లు ఇచ్చి, 15 నిమిషాలాగి మళ్ళీ ఊదిస్తారు, మొదటి సెకనులో బయటికొచ్చే గాలి 12 శాతం, 200 మిల్లీలీటర్లు పెరిగిందా అని చూస్తారు. పరీక్షకి ముందు ఇన్హేలర్ పీల్చుకుని వెళ్తే ఆ తేడా కనపడకుండా పోతుంది, ఇది చాలా చోట్ల ముందుగా చెప్పరు.

మిరప ఘాటుకి ఎవరికైనా దగ్గొస్తుంది, అది కారం నరాలకి తగిలి వచ్చేది, బయటికొస్తే పోతుంది. మీది అలా లేదు, ఇంటికొచ్చాక రాత్రి కూడా ఉంది, రెండేళ్ళుగా పెరుగుతోంది. నిల్వ కాయల్లో బూజు, పురుగు, దుమ్ము కూడా ఉంటాయి కదా, వాటికి ఒంట్లో ఎలర్జీ తయారై ఉండొచ్చు. పని వల్ల వచ్చే ఆస్తమాలో ఎంత తొందరగా ఆ దుమ్ము నుంచి బయటపడితే అంత బాగా తగ్గుతుంది, ఏళ్ళు గడిస్తే పని మానేసినా ఉండిపోతుంది. మానెయ్యి అని చెప్పటం నాకు తేలికే, ఇల్లు గడవాల్సింది మీకు. అందుకే ముందు మందు, ముక్కుకి తుండుగుడ్డ కాదు ఎన్95 మాస్కు, మేస్త్రీతో మాట్లాడి తాలుకాయల దగ్గర్నుంచి తప్పించుకోవటం. దానికీ అంకెలు పడిపోతుంటే అప్పుడు పని మార్చుకునే మాట సీరియస్‌గా ఆలోచించాలి, ఇంట్లోవాళ్ళతో కూర్చుని.

ప్రశ్న: వయసు 26. రెండు నెలల నుంచి తెల్లవారుజామున పొడి దగ్గు, ఆయాసం, బరువు తగ్గాను. రక్తపరీక్షలో ఇస్నోఫిల్స్ 4,200 వచ్చాయి. ఆస్తమా అని ఇన్హేలర్ ఇచ్చారు, అంతగా తగ్గలేదు. (భీమవరం)

ఆస్తమా ఎలర్జీలో ఇస్నోఫిల్స్ అనే తెల్లకణాలు పెరుగుతాయి, కానీ మామూలుగా కొన్ని వందల్లో ఉంటాయి. 3,000 దాటి, తెల్లారుజామున దగ్గు, బరువు తగ్గటం, అదీ గోదావరి జిల్లాల మనిషి అంటే నాకు ముందు గుర్తొచ్చేది బోదకాలు క్రిమి. ట్రాపికల్ పల్మనరీ ఇస్నోఫీలియా అంటారు. కాలు వాయదు, రాత్రిపూట రక్తం తీసినా క్రిమి కనపడదు, ఎందుకంటే ఒళ్ళు ఆ క్రిములని ఊపిరితిత్తుల్లోనే పట్టేసి వాటితో యుద్ధం చేస్తుంటుంది. ఎక్స్‌రేలో చిన్న చిన్న చుక్కలు పడితే టీబీ అనుకునేవాళ్ళూ ఉన్నారు. మీ డాక్టరుగారిని ఫైలేరియా యాంటీబాడీ, మొత్తం ఐజీఈ (ఎలర్జీలో, క్రిముల జబ్బుల్లో రక్తంలో పెరిగే యాంటీబాడీ), మలపరీక్ష అడగండి. తేలితే డైఈథైల్ కార్బమజిన్ మాత్రలు సాధారణంగా మూడు వారాలు, చాలామందికి వారం పదిరోజుల్లోనే దగ్గు తెరిపిస్తుంది. వదిలేస్తే ఊపిరితిత్తి గట్టిపడిపోతుంది, అందుకే ఇంకో నెల చూద్దాం అనుకోకండి.

ప్రశ్న: మా అమ్మకు 64 ఏండ్లు, దమ్ము ఉన్నది. 200 రకాల ఎలర్జీ టెస్టని చేయించినం, 31 పదార్థాలు తినొద్దని లిస్టు ఇచ్చిండ్రు. పెరుగు, అరటిపండు, వంకాయ, పప్పు, గుడ్డు అన్నీ బంద్. దమ్ము అట్లనే ఉన్నది, మనిషి మాత్రం సగమైంది. (కరీంనగర్)

ఆ లిస్టు పక్కన పెట్టి అమ్మకి ఇవాళే గుడ్డు పెట్టండి. ముందు ఒక్కటి అడిగి తెలుసుకోండి, వీటిల్లో ఏదైనా తిన్న గంటా రెండు గంటల్లో పెదాలు వాయటం, ఒళ్ళంతా దద్దుర్లు, గొంతు పట్టేయటం ఎప్పుడన్నా జరిగిందా? జరిగితే ఆ ఒక్కటి మానాలి. జరగకపోతే ఇన్నేళ్ళు తిని అరిగించుకున్న పప్పు ఇవాళ శత్రువు కాదు. తిండి ఎలర్జీ ఒట్టి ఆయాసంగా మాత్రమే రావటం పెద్దవాళ్ళలో చాలా అరుదు. రిపోర్టులో ఐజీజీ అని ఉంటే అది ఎలర్జీ పరీక్షే కాదు, మనం ఏం తింటామో దానికి ఐజీజీ ఉండటం సహజం. ఐజీఈ అని ఉన్నా, అంకె కొంచెం పెరిగినంత మాత్రాన జబ్బు ఉన్నట్టు కాదు, కథా పరీక్షా కలవాలి. నిజంగా ఎలర్జీ తెలుసుకోవాలంటే చేతి మీద చుక్కలు వేసి గుచ్చే స్కిన్ ప్రిక్ టెస్టు, 20 నిమిషాల్లో దద్దురు కొలిచి చెప్తారు, దానికి వారం ముందు నుంచి సిట్రిజన్ లాంటివి ఆపాలి. అందులో మన దగ్గర ఎక్కువగా బయటపడేవి ఇంటి దుమ్ములో ఉండే కంటికి కనపడని పురుగు, బొద్దింక, బూజు, వయ్యారిభామ పుప్పొడి. పెరుగు కాదు. పాత పరుపు, దిండు మార్చి, దుప్పట్లు వారానికోసారి బాగా వేడినీళ్ళలో ఉతికి ఎండలో వెయ్యండి. పడకగదిలో దోమల చుట్ట, అగరబత్తి మానండి. కట్టెల పొయ్యి మీద చాలా ఏళ్ళు వండారా అమ్మ? వండితే అది ఆస్తమా కాక సీఓపీడీ, అంటే ఏళ్ళ తరబడి పొగ పీల్చి ఊపిరి గొట్టాలు దెబ్బతినే జబ్బు, కూడా కావొచ్చు, స్పైరోమెట్రీ తప్పదు.

ప్రశ్న: రిటైర్డ్ టీచర్ని, 67. చిన్నప్పుడు ఉబ్బసం ఉండేది, 40 ఏళ్ళుగా లేదు. మూడు నెలల నుంచి మళ్ళీ మొదలైంది. ఇంట్లో ఏం మారలేదు, కొత్తగా మాత్రలు కూడా ఏం వాడటం లేదు, ఒక్క కంటి చుక్కలు తప్ప. (కాకినాడ)

మాస్టారూ, ఆ చివరి నాలుగు మాటలు రాశారు చూడండి, వాటి కోసం మీకు నమస్కారం. ఆ సీసా తీసి మందు పేరు చదవండి. టిమొలాల్ అని ఉందా? కంట్లో నీటికాసుల ప్రెషర్ తగ్గించడానికి చాలా మంచి మందే, కానీ అది బీటా బ్లాకర్. కంట్లో వేసిన చుక్క కన్నీటి దారి గుండా ముక్కులోకి దిగి నేరుగా రక్తంలోకి వెళ్తుంది, ఊపిరి గొట్టాల్ని బిగిస్తుంది. నలభై ఏళ్ళు నిద్రపోయిన ఆస్తమాని ఒక్క చుక్క లేపగలదు. రెండు మందులు కలిపిన చుక్కల్లో కూడా ఇది ఉంటుంది, సీసా మీద చిన్న అక్షరాల్లో. అలా అని మీ అంతట మీరు ఆపేసి ఊరుకోవద్దు, ప్రెషర్ పెరిగితే పోయిన చూపు తిరిగి రాదు. రేపే కళ్ళ డాక్టరు దగ్గరికెళ్ళి నాకు ఉబ్బసం ఉంది, చుక్కలు మార్చండి అని చెప్పండి, లాటనోప్రోస్ట్ లాంటి వేరే రకాలు ఉన్నాయి. ఆయాసం ఈ రాత్రే ఎక్కువైతే రేపటిదాకా ఆగకండి, సీసా జేబులో పెట్టుకుని ఆస్పత్రికి వెళ్ళండి.

మైగ్రేన్‌కి, చేతుల వణుకుకి, థైరాయిడ్ దడకి రాసే ప్రొప్రనలాల్ కూడా ఇదే జాతి. అలాగే ఆస్తమాతో పాటు ముక్కులో కండలు పెరిగినవాళ్ళలో కొందరికి ఆస్పిరిన్, డైక్లోఫెనాక్, ఐబూప్రొఫెన్ పడవు, ఒక్క నొప్పి మాత్రకే గంటలో ఊపిరాడక ఎమర్జెన్సీకి వస్తారు. ఏ డాక్టరు దగ్గరికెళ్ళినా, పళ్ళ డాక్టరైనా సరే, కూర్చోగానే నాకు ఆస్తమా ఉంది అని చెప్పటం అలవాటు చేసుకోండి.

ప్రశ్న: మా తమ్ముడికి 33. పదేళ్ళుగా ఆస్తమా. కళ్ళెలో ఎప్పుడూ టీబీ క్రిమి కనపడలేదు, అయినా ఎక్స్‌రేలో మచ్చ ఉందని రెండుసార్లు ఆరేసి నెలలు టీబీ మందులు వాడాడు. మచ్చ ఒకసారి కుడివైపు, ఇంకోసారి ఎడమవైపు. దగ్గితే గోధుమరంగు ముక్కలు పడుతున్నాయి. (నిజామాబాద్)

ఈ ఉత్తరం చదివి చాలాసేపు పక్కన పెట్టలేకపోయాను. ఏడాది పాటు ఆ మందులు మింగి, ఇంట్లో విడిగా గ్లాసు కంచం పెట్టుకుని, పెళ్ళి సంబంధాలు పోగొట్టుకుని చివరికి జబ్బు అదే కాదని తేలినవాళ్ళని నేను చూశాను.

మీరు రాసిన మూడు ముక్కలూ, పాత ఆస్తమా, చోటు మార్చే మచ్చ, గోధుమరంగు గట్టి కళ్ళె, కలిపి చూస్తే ఏబీపీఏ గురించి ఆలోచించాల్సిందే. ఆస్పర్జిల్లస్ అనే బూజు మన చుట్టూ అంతటా ఉంటుంది, పాత గడ్డివాములో, తడిసిన గోడలో, కూలర్ గడ్డిలో, నిల్వ ధాన్యంలో. అందరం పీలుస్తాం, ఏం కాదు. కొందరు ఆస్తమా మనుషుల్లో అది గొట్టాల్లోని జిగురులో తిష్ట వేస్తుంది, ఒళ్ళు దాని మీద విపరీతంగా ఎలర్జీ తెచ్చుకుంటుంది. జిగురు గట్టిపడి గొట్టానికి బిరడా పడుతుంది, బిరడా వెనక ఊపిరితిత్తి ముడుచుకుని ఎక్స్‌రేలో తెల్లగా కనిపిస్తుంది, అదే ఆ మచ్చ. బిరడా ఊడితే మచ్చ మాయం, ఇంకోచోట పడితే అక్కడ మచ్చ. టీబీ మందులు వాడుతుండగా దానంతట అదే ఊడితే మందు పనిచేసింది అనుకుంటారు.

మొదట చెయ్యాల్సింది ఆస్పర్జిల్లస్ ఫ్యుమిగేటస్ మీద ప్రత్యేక ఐజీఈ, 0.35 దాటిందా అని. తర్వాత మొత్తం ఐజీఈ, 500 దాటితే అనుమానం గట్టిపడుతుంది, ఈ రోగుల్లో వేలల్లో ఉండటం మామూలే. ఆ తర్వాత ఛాతీ సీటీ స్కాన్, గొట్టాలు వెడల్పు అయిపోయాయేమో చూడటానికి. టీబీని కూడా కొట్టిపారెయ్యొద్దు, మన దేశంలో కొట్టిపారెయ్యకూడదు, రెండూ ఒకే మనిషిలో ఉండొచ్చు, అందుకే కళ్ళెలో టీబీ క్రిమిని వెతికే సీబీనాట్ పరీక్ష ఇంకోసారి చేయించండి, గవర్నమెంట్ ఆస్పత్రిలో ఉచితం. మన దేశంలో ఈ జబ్బు మీద చండీగఢ్ పీజీఐలో చాలా పని జరిగింది, మేమంతా వైద్యంలో వాళ్ళ ట్రయల్స్ వైపు చూస్తాం. ప్రెడ్నిసలోన్ తగ్గించుకుంటూ నాలుగు నెలలు, లేదా ఇట్రాకొనజోల్ నాలుగు నెలలు, ఏది అన్నది ఆయన షుగరూ లివరూ చూసి డాక్టరు నిర్ణయిస్తారు. ఎనిమిది వారాలకోసారి ఐజీఈ చూస్తారు, అది నార్మల్‌కి రావాలని లేదు, ఉన్నదాంట్లోంచి ఐదో వంతు నాలుగో వంతు దిగితే చాలు. ఒక జాగ్రత్త, ఇట్రాకొనజోల్ మొదలుపెట్టేటప్పుడు ఆయన వాడే ఇన్హేలర్ కూడా చూపించండి. అందులో బ్యుడెసొనైడ్, ఫ్లుటికాసోన్ ఉంటే ఈ మాత్ర వాటిని ఒంట్లో విరగనివ్వదు, మొహం ఉబ్బటం, నీరసం మొదలవుతాయి. దీన్ని ముందే చూసుకుంటే సర్దుకోవచ్చు.

ప్రశ్న: మృగశిర కార్తెకి చేప మందు వేయిద్దామని ఇంట్లో పట్టుబడుతున్నారు. ఇన్హేలర్ మానేసి వెళ్ళాలా? పాపకి 4 ఏళ్ళు. (మహబూబ్‌నగర్)

ఏటా జూన్‌లో నాంపల్లి ఎగ్జిబిషన్ గ్రౌండ్‌లో బత్తిని కుటుంబం వేసే ప్రసాదం గురించి కదా మీరడిగేది. 1845 నుంచి వేస్తున్నామని ఆ కుటుంబం చెప్తుంది, దేశం నలుమూలల నుంచి జనం వస్తారు, అంత దూరం రైలెక్కి వచ్చే మనిషి బాధ నాకు తెలుసు, ఆ నమ్మకాన్ని నేను చిన్నచూపు చూడను. అయితే అది ఇన్హేలర్‌కి బదులు పనిచేస్తుందని నమ్మదగ్గ పరిశోధన ఏదీ నేను చూడలేదు. నేను చూసింది ఏంటంటే, ప్రసాదం వేసుకున్నాం కదా అని ఇన్హేలర్ ఆపేసి, సరిగ్గా వానలు మొదలై బూజూ వైరస్సులూ విజృంభించే ఆ వారాల్లోనే అడ్మిట్ అయ్యేవాళ్ళని. 4 ఏళ్ళ పాపకి బతికున్న కొర్రమీను పిల్ల గొంతులో వెయ్యటం నాకు భయం, పొలమారితే ఆ గుంపులో ఏం చేస్తారు. పాపని తీసుకెళ్ళొద్దు. పెద్దవాళ్ళు ఎవరైనా వెళ్ళాలనే అనుకుంటే ఇన్హేలర్ జేబులో ఉండాలి, ఆ రోజు డోసు, మర్నాటి డోసు మానకూడదు.

ప్రశ్న: మా అమ్మాయి అమెరికాలో ఆస్టిన్‌లో ఉంటుంది, అయిదో నెల. ఇక్కడ ఉన్నప్పుడు ఏ ఎలర్జీ లేదు, వెళ్ళిన మూడేళ్ళకి జనవరిలో తుమ్ములు, ఆయాసం. కడుపులో బిడ్డకి మంచిది కాదని ఇన్హేలర్ ఆపేసింది. (వరంగల్)

ఈ పత్రిక పక్కన పెట్టి ముందు అమ్మాయికి ఫోన్ చెయ్యండి. ఇన్హేలర్ మళ్ళీ మొదలుపెట్టి వాళ్ళ డాక్టరుకి చెప్పమనండి. ఆస్తమా అదుపులో లేకపోవటం వల్ల తల్లికి ఆక్సిజన్ తగ్గితే బిడ్డకీ తగ్గుతుంది, తక్కువ బరువు, నెలలు నిండకుండా కాన్పు, బీపీ, ఇవీ అసలు ప్రమాదాలు. బ్యుడెసొనైడ్, సాల్బుటమాల్ గర్భిణులు ఎన్నో ఏళ్ళుగా వాడుతున్నవే. ఇక ఆస్టిన్ సంగతి, ఆ ప్రాంతంలో మౌంటెన్ సీడర్ అనే చెట్టు డిసెంబర్ నుంచి ఫిబ్రవరి దాకా పుప్పొడి మేఘంలా వదులుతుంది, కొత్తగా వెళ్ళినవాళ్ళకి మొదటి ఏడాది ఏం ఉండదు, ఒంటికి ఆ పుప్పొడి పరిచయమై ఎలర్జీ తయారవ్వటానికి రెండు మూడు సీజన్లు పడుతుంది. ఆ నెలల్లో కిటికీలు మూసుకుని, బయటినుంచి రాగానే స్నానం చేసి బట్టలు మార్చుకోమనండి.

ప్రశ్న: 29, సాఫ్ట్‌వేర్, మాదాపూర్. నీలం ఇన్హేలర్ (సాల్బుటమాల్) ఒక్కటే వాడతా, పీల్చగానే రిలీఫ్, ఏ ప్రాబ్లం లేదు. డబ్బా నీళ్ళలో వేస్తే తేలితే ఖాళీ అంటారు, కరెక్టేనా? నెలకొకటి అయిపోతోంది, అందుకే అడుగుతున్నా.

నీళ్ళలో వెయ్యకండి, మందు అయిపోయాక కూడా గ్యాస్ ఉంటుంది, తేలటం మునగటం దేనికీ గుర్తు కాదు, నాజిల్‌లో నీళ్ళు చేరి పాడవుతుంది కూడా. వెనక కౌంటర్ ఉన్నది కొనండి, లేకపోతే తెరిచిన తేదీ డబ్బా మీద మార్కర్‌తో రాసి పఫ్‌లు లెక్కపెట్టండి.

కానీ తమ్ముడూ, నన్ను భయపెట్టింది మీ ప్రశ్న కాదు, నెలకొకటి అన్న ఆ మాట. ఒక డబ్బాలో 200 పఫ్‌లు ఉంటాయి. ఏడాదికి మూడు డబ్బాలో అంతకన్నా ఎక్కువో వాడితేనే పెద్ద ఎటాక్ వచ్చే ప్రమాదం పెరుగుతుంది, నెలకొకటి వాడేవాళ్ళలో ప్రాణాపాయమే పెరుగుతుంది. మీరు రోజుకి ఆరేడుసార్లు బిగుసుకున్న గొట్టాన్ని వదులు చేస్తున్నారు, లోపల వాపు అలా పెరిగిపోతూనే ఉంది, రిలీఫ్ వస్తోంది కాబట్టి మీకు తెలీటం లేదు. అందుకే 2019లో ప్రపంచ ఆస్తమా గైడ్‌లైన్స్, గీనా అంటారు, పెద్దవాళ్ళకి ఒక్క సాల్బుటమాల్‌తోనే వైద్యం చెయ్యొద్దని తేల్చి చెప్పింది. ఇప్పుడు బ్యుడెసొనైడ్, ఫార్మొటెరాల్ కలిసి ఉన్న ఇన్హేలర్ ఇస్తాం, రోజూ వాడటానికీ అదే, ఆయాసం వచ్చినప్పుడు పీల్చటానికీ అదే, రిలీఫ్ కూడా నిమిషాల్లోనే వస్తుంది, ప్రతి పఫ్‌తో వాపు మందు కూడా లోపలికి వెళ్తుంది.

ఈ వారంలోనే చూపించుకోండి. అప్పటిదాకా నీలం డబ్బా పారెయ్యొద్దు. ఒక వాక్యం పూర్తిగా మాట్లాడలేకపోయినా, పెదాలు నీలంగా మారినా, వేలికి పెట్టే మెషీన్‌లో ఆక్సిజన్ 92 కన్నా తగ్గినా స్పేసర్‌తో 4 నుంచి 10 పఫ్‌లు ఒక్కొక్కటిగా పీల్చి, 108కి ఫోన్ చేసి, అంబులెన్స్ వచ్చేదాకా 20 నిమిషాలకోసారి మళ్ళీ అలాగే. పడుకోకండి, ముందుకి వంగి కూర్చోండి. గదిలో ఒక్కరే ఉంటారేమో, రూమ్మేట్‌కి ఈ రాత్రే ఇన్హేలర్ ఎక్కడ పెడతారో చూపించి ఉంచండి.